బయటి ఈసీయూ పెట్టిన బండిని పొల్యూషన్ టెస్టులో నిజంగా పాస్ చేయించడం ఎలా

భీమవరంలో అడిగినా, అమలాపురంలో అడిగినా, ఈసీయూ (ఇంజన్‌కి పెట్రోల్, స్పార్కు ఎప్పుడు ఎంతో చెప్పే కంప్యూటర్ డబ్బా) మార్చిన బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా అంటే ముందు వచ్చే సలహా ఒకటే. సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండా కాగితం ఇచ్చేవాళ్లు ఫలానా చోట ఉన్నారు, వెళ్లి తెచ్చుకోండి అంటారు. దయచేసి ఆ పని చేయకండి. కాగితం చేతికొస్తుంది గానీ మీ ఇంజన్ ఎంత పెట్రోల్ ఊరికే తగలేస్తోందో, క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (సైలెన్సర్ లైన్‌లో పొగని శుభ్రం చేసే డబ్బా) లోపల ఎలా కాల్చేస్తోందో మీకెప్పటికీ తెలీదు. పైగా ఆ పొగ పీల్చేది మన వీధిలో వాళ్లే.

అసలు సంగతి ఏంటంటే, టెస్టు మిషన్‌కి మీ డాష్‌బోర్డు కింద ఏ కంపెనీ డబ్బా ఉందో తెలీదు. దానికి కనపడేది సైలెన్సర్ చివర బయటికొచ్చే గాలి ఒక్కటే. ఐడ్లింగ్‌లో ఒకసారి, కాస్త కొత్త బండ్లకైతే 2500 ఆర్పీఎం దగ్గర కూడా ఒకసారి, గాలి పెట్రోల్ మిక్చర్ సరిగ్గా ఉండి, కన్వర్టర్ బాగా వేడెక్కి ఉంటే మెగాస్క్విర్ట్ అయినా, స్పీడుయినో అయినా, హాల్‌టెక్ అయినా పాసవుతుంది. ఫెయిలయ్యే బండ్లు ఎక్కువగా ఎందుకు ఫెయిలవుతాయంటే, ట్యూన్ చేసినవాళ్లు ఫుల్ థ్రాటిల్ దగ్గర పికప్ కోసం రోజులకి రోజులు కూర్చుంటారు, ఈ రెండు చోట్లా మాత్రం "బండి ఆగిపోకుండా నడుస్తోంది కదా" అని వదిలేస్తారు.

ముందు చట్టం గురించి. పొల్యూషన్ పాసైతే బండి మొత్తం చట్టబద్ధం అయిపోయినట్టే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు, అవి రెండూ వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొల్యూషన్ పరిమితి దాటిన బండి నడిపితే 190వ సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా, దానికి తోడు మూడు నెలలు లైసెన్స్ పోవచ్చు. అందుకే ఈసీయూ మార్చే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకి కాగితం మీద రాసివ్వండి, లేకపోతే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. బీఎస్ 6 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో ఆరోది) బండి అయితే ఒక్కటే మాట, దాని ఈసీయూ జోలికి అసలు పోవద్దు. అందులో ఎగ్జాస్ట్‌కి సంబంధించిన సెన్సార్లన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, ఒకటి కదిపితే మిగతావన్నీ తేడా కొడతాయి. ఇక్కడ రాసేది దాదాపు అంతా పాత పెట్రోల్ బండ్ల గురించి. ఒరిజినల్ ఈసీయూ కాలిపోయి దొరకని ఎస్టీమ్‌లు, జిప్సీలు, జెన్‌లు, కార్బొరేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టుకున్న పాత బండ్లు, ఇలాంటివి.

మీ బండికి పరిమితి ఎంతో ముందే తెలుసుకుని వెళ్లండి. ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతం, హైడ్రోకార్బన్లు ఎన్ని పీపీఎం అన్నదే లెక్క. బీఎస్ 2 కంటే ముందు తయారైన నాలుగు చక్రాల పెట్రోల్ బండికి 3 శాతం, 1500 పీపీఎం. బీఎస్ 2, బీఎస్ 3 బండ్లకి 0.5 శాతం, 750 పీపీఎం. బీఎస్ 4కి 0.3 శాతం, 200 పీపీఎం. బీఎస్ 4 నుంచి ఇంకో మెలిక ఉంది, 2500 ఆర్పీఎం దగ్గర కూడా కొలుస్తారు, అక్కడ కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం దాటకూడదు, లాంబ్డా 0.97కీ 1.03కీ మధ్యలో ఉండాలి (లాంబ్డా అంటే గాలి, పెట్రోల్ పాళ్లు ఎంత సరిగ్గా ఉన్నాయో చెప్పే అంకె; 1.00 అంటే సరిగ్గా, తక్కువైతే పెట్రోల్ ఎక్కువ, అంటే రిచ్, ఎక్కువైతే పెట్రోల్ తక్కువ, అంటే లీన్). దేశమంతా బీఎస్ 2 వచ్చింది 2005 ఏప్రిల్‌లో, బీఎస్ 3 2010లో, బీఎస్ 4 2017లో. పెద్ద నగరాల్లో ఇంకా ముందే వచ్చాయి కాబట్టి హైదరాబాద్‌లో కొని ఇక్కడికి తెచ్చిన బండి అయితే సంవత్సరం చూసి లెక్కేయకండి, ఆర్సీలోనో బండి ప్లేటు మీదో ఏముందో చూడండి. సర్టిఫికెట్ బీఎస్ 4, బీఎస్ 6 బండ్లకి ఏడాది పనిచేస్తుంది, పాతవాటికి ఆరు నెలలే.

నా సలహా ఏంటంటే, మీ బండి 3 శాతం గ్రూపులో ఉన్నా సరే 0.5 కిందికి తేవాలనే కూర్చోండి. 3 శాతం అనేది కార్బొరేటర్ కాలం నాటి లెక్క, ఇంజెక్షన్ ఉన్న బండి అంత వదులుతోందంటే ఏదో తప్పుందని అర్థం.

ల్యాప్‌టాప్ తెరిచే ముందు చూడాల్సినవి

మన వైపు ముందుగా చూడాల్సింది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్. కోనసీమలోనూ, అటు నరసాపురం, పాలకొల్లు వైపూ పాత బండి ఏది తెరిచినా చాలాసార్లు అది ఉండదు. "ఎందుకండీ అది, తీసి పడేద్దాం, ఇంజన్ చల్లగా ఉంటది" అని మెకానిక్ ఎప్పుడో తీసేసి ఉంటాడు, ఓనర్‌కి ఆ సంగతే తెలీదు. పాత కార్బొరేటర్ బండికి అది పెద్దగా తెలిసేది కాదేమో గానీ ఈసీయూ బండికి మాత్రం ఇది నేరుగా దెబ్బ. థర్మోస్టాట్ లేకపోతే హైవే మీద వెళ్తున్నప్పుడు నీళ్ల టెంపరేచర్ 60, 65 దగ్గరే ఆగిపోతుంది. ఈసీయూ ఏమనుకుంటుంది? ఇంజన్ ఇంకా వేడెక్కలేదు అనుకుని వార్మప్ పెట్రోల్ అదనంగా కొడుతూనే ఉంటుంది. ఎప్పుడు ఎంత పెట్రోల్ కొట్టాలో ఈసీయూలో రాసి ఉండే టేబుల్‌ని మీరు ఎంత పర్ఫెక్ట్‌గా ట్యూన్ చేసినా దాని మీద ఆరు శాతమో ఎనిమిది శాతమో ఎక్కువ పడుతుంది. కొత్త థర్మోస్టాట్ వేయండి, ఆ మోడల్‌కి కంపెనీ చెప్పిన టెంపరేచర్‌దే వేయండి, వేడెక్కుతుందని భయమైతే ఫ్యానూ రేడియేటరూ చూసుకోండి గానీ దీన్ని తీయకండి.

తర్వాత సైలెన్సర్ లైన్. సముద్రపు గాలి, రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు పడే రోడ్లు, కాలవ గట్ల మీద బురద, వీటి వల్ల మన దగ్గర సైలెన్సర్ పైపులు తుప్పు పట్టి చిల్లులు పడటం మామూలు. చిన్న చిల్లు పడితే ఏముందిలే, కాస్త శబ్దం వస్తుంది అంతే అనుకుంటారు. కానీ ఎగ్జాస్ట్ అనేది దెబ్బలు దెబ్బలుగా వెళ్తుంది, రెండు దెబ్బల మధ్య ఆ చిల్లులోంచి బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. ఆక్సిజన్ సెన్సార్‌కి ముందు ఆ చిల్లు ఉంటే సెన్సార్ ఆ గాలిని చూసి మిక్చర్ లీన్‌గా ఉందనుకుంటుంది, ఈసీయూ పెట్రోల్ పెంచేస్తుంది, నిజానికి బండి రిచ్‌గా నడుస్తుంటుంది, మీ స్క్రీన్ మీద మాత్రం లాంబ్డా 1.00 అని అందంగా కనపడుతుంటుంది. సెన్సార్ తర్వాత చిల్లు ఉంటే పెట్రోల్ లెక్క బాగానే ఉంటుంది గానీ టెస్టు మిషన్ దగ్గర ఆక్సిజన్ ఎక్కువ చూపించి లాంబ్డా 1.03 దాటి ఫెయిలవుతుంది. పరీక్ష తేలిక: ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఇంకొకరిని తడి గుడ్డతో సైలెన్సర్ చివర కాసేపు అదిమి పట్టుకోమనండి. ఎక్కడ లీకుంటే అక్కడ బుస్సుమని శబ్దం వస్తుంది, మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర నల్లటి మసి మరక ఉన్నా అదే. మొత్తం మూసేయకండి, ఇంజన్ ఆగిపోతుంది.

ఎర్త్ వైర్లు, కనెక్టర్లు కూడా తీసి చూడండి. పచ్చటి చిలుము పట్టి ఉంటే గీకి శుభ్రం చేసి, కుదిరితే పిన్నులు కొత్తవి వేయండి. ఆక్సిజన్ సెన్సార్ ఎర్త్, ఈసీయూ సెన్సార్ ఎర్త్ ఒకే పాయింట్‌కి రావాలి. బాడీకి ఒకటి, ఇంజన్‌కి ఒకటి కట్టారంటే ఫ్యాన్ ఆన్ అయినప్పుడల్లా రీడింగు పక్కకి జరిగిపోతుంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఇంజన్ ఆయిల్ సంగతి అందరికీ తెలిసిందే. ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం తప్పక మార్చండి, ఆ ఆవిరంతా క్రాంక్‌కేస్ పైపు ద్వారా మళ్లీ ఇంజన్‌లోకే వెళ్లి కార్బన్ మోనాక్సైడ్ పెంచుతుంది.

కన్వర్టర్ పీకేసి ఖాళీ డబ్బా పెట్టిన బండి అయితే బీఎస్ 2, ఆ పైన పాసవడం కష్టం, ఆ దారి వెతకడం కూడా తప్పు. కన్వర్టర్ పెట్టండి.

ఇక ట్యూనింగ్

మొదట ఒక అలవాటు మార్చుకోండి. ఏఎఫ్ఆర్ (పెట్రోల్‌కి ఎన్ని రెట్ల గాలి అన్న నిష్పత్తి) అంకెల్లో ఆలోచించడం మానేసి లాంబ్డాలో ఆలోచించండి. 14.7 అనేది ఉత్త పెట్రోల్ లెక్క. ఇప్పుడు బంకులో మనం కొట్టించుకునే దాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, దానికి సరైన నిష్పత్తి దాదాపు 13.5. మీటర్ మీద 14.7 చూపించినా సెన్సార్ నిజంగా కొలిచేది లాంబ్డానే కాబట్టి ఆ మీటర్ తప్పు చెప్పట్లేదు, కానీ పాత ట్యూన్ ఫైల్‌లో ఇంజెక్టర్ (పెట్రోల్ చల్లే ముక్కు) లెక్కలు ఉత్త పెట్రోల్‌కి వేసి ఉంటే బండి మొత్తంగా ఓ ఎనిమిది శాతం లీన్ అవుతుంది. రెండు మూడేళ్ల కిందట బాగా నడిచిన ట్యూన్ ఇప్పుడు ఐడ్లింగ్‌లో దగ్గుతోందంటే ముందు దీన్నే అనుమానించండి.

తర్వాత ఇంజెక్టర్ డెడ్‌టైమ్. ఈసీయూ కరెంటు పంపగానే ఇంజెక్టర్ తెరుచుకోదు, ఓ మిల్లీసెకను దాకా ఆలస్యం ఉంటుంది, బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఆ ఆలస్యం పెరుగుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజెక్టర్ 12 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే ఆ తేడా కనపడదు. ఐడ్లింగ్‌లో అది తెరిచి ఉండేదే రెండు, రెండున్నర మిల్లీసెకన్లు, అందులో ఈ తేడా చాలా పెద్దది. కాబట్టి ఇలా చూడండి: బండి బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఉంచి, ఆక్సిజన్ సెన్సార్ కరెక్షన్ (సెన్సార్ చూసి ఈసీయూ తనంతట తానే పెట్రోల్ సవరించుకోవడం) ఆపేసి, లాంబ్డా చూస్తూ హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్ ఒకేసారి ఆన్ చేయండి. వోల్టేజీ 14 నుంచి 13 కిందికి పడినా లాంబ్డా దాదాపు అక్కడే ఉంటే డెడ్‌టైమ్ సరిగ్గా ఉన్నట్టు. లీన్ వైపు పోతే తక్కువ వోల్టేజీ దగ్గర డెడ్‌టైమ్ పెంచండి, రిచ్ వైపు పోతే తగ్గించండి. ఇది సరిచేయకుండా టేబుల్‌లో ఐడ్లింగ్ సెల్స్ (గళ్లు) ట్యూన్ చేస్తే టెస్టు రోజు ఫ్యాన్ తిరగ్గానే అంతా మారిపోతుంది. అవసరానికి మించి పెద్ద ఇంజెక్టర్లు వేసుకున్నవాళ్లకి ఇక్కడే తలనొప్పి, ఐడ్లింగ్‌లో ఒకటిన్నర మిల్లీసెకన్ల కిందికి వచ్చిందంటే ఒక్కో దెబ్బకి ఒక్కోలా చల్లుతుంది. మీకు నిజంగా టర్బో లేకపోతే కంపెనీ ఇంజెక్టర్లే వాడండి.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని చోటు, 2500 ఆర్పీఎం, గేరు న్యూట్రల్. దీని మీద కాస్త ఓపిగ్గా చదవండి.

మీరు రోడ్డు మీద 2500లో వెళ్తున్నప్పుడు ఇంజన్ బండిని లాగుతుంటుంది కాబట్టి మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో ప్రెషర్) 45, 50 కిలోపాస్కల్ అలా ఉంటుంది. ఆటోట్యూన్ (నడుస్తుండగా టేబుల్ దానంతట అదే సరిదిద్దే సాఫ్ట్‌వేర్) ఆన్ చేసి తణుకు నుంచి రావులపాలెం దాకా వెళ్లొచ్చినా ఆ సెల్సే సరిదిద్దుతుంది. టెస్టులో మాత్రం బండి నిలబడి ఉంటుంది, ఇంజన్ మీద లోడు లేదు, 2500 దగ్గర ప్రెషర్ 28 నుంచి 35 మధ్యకి దిగుతుంది. ఆ సెల్స్‌లోకి రోడ్డు మీద మీరు కాలు తీసేసిన క్షణంలో తప్ప వెళ్లరు, అప్పుడు కూడా పెట్రోల్ కట్ అయి ఉంటుంది కాబట్టి ఆటోట్యూన్ వాటిని ముట్టుకోదు. పెద్ద మడులన్నీ నిండుగా ఉండి మూల మడికి నీళ్లందని పొలంలా ఉంటుంది ఆ టేబుల్. టెస్టు మిషన్ సరిగ్గా ఆ మూల మడిలోనే అడుగు పెడుతుంది.

చేయాల్సింది ఇది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, షెడ్డు బయట గాలి తగిలే చోట బండి పెట్టి, థ్రాటిల్ స్క్రూతోనో ఇంకొకరి కాలుతోనో 2300 నుంచి 2700 దాకా నెమ్మదిగా ఆపి ఆపి పెంచండి. ప్రతి చోటా కర్సర్ ఏ సెల్ మీద ఉందో చూసి, కరెక్షన్ ఆపేసి, ఆ సెల్‌నీ దాని చుట్టూ ఉన్న నాలుగైదు సెల్స్‌నీ లాంబ్డా 1.00 వచ్చేదాకా చేత్తో మార్చండి. ఏసీ ఆన్ చేసి ఒకసారి, ఫ్యాన్ తిరుగుతుండగా ఒకసారి. ఐడ్లింగ్ చుట్టూ ఉన్న సెల్స్‌కి కూడా ఇదే. ఒక్క సెల్‌ని మాత్రం సరిచేసి పక్కవి వదిలేస్తే ఇంజన్ కొంచెం ఊగినా లెక్క పక్క సెల్‌లోకి జారి మళ్లీ రిచ్ అవుతుంది. కాబట్టి టేబుల్‌లో ఆ చుట్టుపక్కలంతా నున్నగా ఉండాలి.

అయ్యాక కరెక్షన్ మళ్లీ ఆన్ చేయండి. నీళ్ల టెంపరేచర్ 70 దాటాక పనిచేసేలా, పది శాతం దాకా మాత్రమే మార్చగలిగేలా పెట్టండి. ఇరవై, ఇరవై ఐదు శాతం ఇచ్చారంటే టేబుల్‌లో ఉన్న తప్పు కప్పుకుపోతుంది, సెన్సార్ పాడైన రోజు ఒక్కసారిగా బయటపడుతుంది. ఐడ్లింగ్‌లో ఎగ్జాస్ట్ నెమ్మదిగా వెళ్తుంది, సెన్సార్ దాకా రావడానికే సమయం పడుతుంది, అందుకని అక్కడ కరెక్షన్ స్పీడు తగ్గించాలి, లేకపోతే రిచ్, లీన్, రిచ్, లీన్ అంటూ ఆర్పీఎం ఊగుతుంది. లాంబ్డా 1.00కి అటూ ఇటూ కొంచెం కదలాడితే కన్వర్టర్‌కి మంచిదే, అది అలా కదలాడే మిక్చర్‌తోనే బాగా పనిచేస్తుంది. పూర్తి లోడులో మీరు 0.86, 0.88 పెట్టుకుంటే పెట్టుకోండి, ఇంజన్ భద్రతకి అది కావాలి, కానీ టార్గెట్ టేబుల్‌లో ఆ రిచ్ ప్రాంతం 75, 80 కిలోపాస్కల్ పైనే మొదలవ్వాలి.

కామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చిన బండి ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం పెరగడం వల్ల ఐడ్లింగ్‌లో కొంత మిక్చర్ కాలకుండానే బయటికి పోతుంది, అక్కడక్కడా మిస్సింగ్ కొడుతుంది. కాలని ఆక్సిజన్ సెన్సార్‌కి తగిలి "లీన్" అని చూపిస్తుంది. మీరు పెట్రోల్ పెంచుతారు, హైడ్రోకార్బన్లు ఇంకా పెరుగుతాయి. ఇలాంటి బండిని ఐడ్లింగ్‌లో సెన్సార్‌కి వదిలేయకూడదు. ఐడ్లింగ్ 950, 1000కి పెంచి, ఇంజన్ ఎక్కడ నున్నగా తిరుగుతోందో చూసి చేత్తో సెట్ చేయాలి. కామ్ మరీ పెద్దదైతే బీఎస్ 4 పరిమితి దాటకుండా ఉండటం దాదాపు జరగని పని, ఆ మాట ముందే తెలుసుకుని కామ్ కొనండి.

ఐడ్లింగ్‌లో స్పార్కు టైమింగ్ ఎక్కువ అడ్వాన్స్ (ముందుకి) పెట్టొద్దు. కంపెనీ చెప్పిన అంకె దగ్గరే, మామూలుగా 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంచితే ఎగ్జాస్ట్ కొంచెం వేడిగా వెళ్లి హైడ్రోకార్బన్లు పైపులోనే కాలిపోతాయి, కన్వర్టర్ కూడా చల్లారదు.

వార్మప్ టేబుల్ 75 డిగ్రీల దగ్గర కచ్చితంగా 100 శాతానికి రావాలి. స్టార్ట్ చేశాక కొద్దిసేపు అదనంగా కొట్టే పెట్రోల్, వేడి ఇంజన్‌కి పది సెకన్లకు మించకూడదు. ఇంకా గాలి టెంపరేచర్ సెన్సార్. రోహిణి కార్తె ఎండలో క్యూలో నిలబడితే బానెట్ కింద వేడికి ఆ సెన్సార్ 70 దాకా చూపిస్తుంది, లోపలికి వెళ్లే గాలి నిజంగా అంత వేడి ఉండదు. ఈసీయూ గాలి పలచబడిందనుకుని పెట్రోల్ తగ్గిస్తుంది, ఇంజన్ లీన్ అయి మిస్సింగ్ కొట్టి హైడ్రోకార్బన్లు ఎగబాకుతాయి. ఆ సెన్సార్‌ని మానిఫోల్డ్ మీంచి తీసి ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి మార్చండి, సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

పెట్రోల్ ట్యాంకు ఆవిరి పీల్చే క్యానిస్టర్ వాల్వ్‌ని కొత్త ఈసీయూ పెట్టేటప్పుడు చాలామంది వైర్ కలపకుండా వదిలేస్తారు. కలపండి, ఐడ్లింగ్‌లో మూసి ఉండేలా పెట్టండి.

పిగ్గీబ్యాక్, అంటే ఒరిజినల్ ఈసీయూ ఉంచి దానికి తోడు చిన్న మాడ్యూల్, పెట్టినవాళ్లకి పని తక్కువ. ఒరిజినల్ ఈసీయూనే ఐడ్లింగ్ చూసుకుంటుంది కాబట్టి తక్కువ థ్రాటిల్‌లో, 3000 ఆర్పీఎం లోపు, మీ మాడ్యూల్ పెట్రోల్ మార్పు సున్నా ఉంచండి. ఆక్సిజన్ సెన్సార్ సిగ్నల్‌ని తప్పుదారి పట్టించే చిన్న వైరు ముక్కలు ఏవైనా అమర్చి ఉంటే పీకేయండి.

టెస్టుకి ఒక మ్యాప్ (ట్యూన్), రోడ్డుకి ఒక మ్యాప్ పెట్టి స్విచ్ వేసే పద్ధతి చాలామంది చెప్తారు. అది మోసం. పైన చెప్పినట్టు చేస్తే దాని అవసరం కూడా లేదు, ఎందుకంటే ఐడ్లింగ్, తక్కువ లోడు దగ్గర లాంబ్డా 1.00 పెడితే పికప్ ఏమీ తగ్గదు, మైలేజీ పెరుగుతుంది.

టెస్టు రోజు

కాలవ గట్టు మీద ముప్పైలో స్పీడ్‌బ్రేకర్లు దాటుకుంటూ వెళ్లి నేరుగా టెస్టుకి ఆగితే కన్వర్టర్ సరిగ్గా వేడెక్కదు. అది పనిచేయడం మొదలుపెట్టాలంటేనే 250, 300 డిగ్రీలు దాటాలి. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి బ్రిడ్జి దాటి హైవే మీద ఓ పదిహేను ఇరవై నిమిషాలు మామూలు స్పీడులో నడిపి వెళ్లండి. కోనసీమ లోపలుండేవాళ్లు 216 హైవే ఎక్కండి. వర్షాకాలంలో ఇంకొంచెం ఎక్కువసేపు, పైపులో నీళ్లు మిగలకూడదు.

క్యూ ఉంటే ఇంజన్ ఆపేసి మళ్లీ గొట్టం పెట్టే క్షణంలో స్టార్ట్ చేయకండి. మీ వంతుకి మూడు నాలుగు నిమిషాల ముందే స్టార్ట్ చేసి, గొట్టం పెట్టే ముందు రెండు నిమిషాలు 2500 దగ్గర పట్టి ఉంచండి. ఎక్కువసేపు ఐడ్లింగ్‌లో ఉన్నా కన్వర్టర్ చల్లారుతుంది. ఆపరేటర్‌ని మర్యాదగా అడగండి, "బాబూ, ముందు మిషన్‌ని సున్నా చేసి, గొట్టం లోపలికంటా పెట్టవా" అని. కనీసం 30 సెంటీమీటర్లు లోపలికి వెళ్లాలి. పెద్ద నోరున్న ఫ్రీఫ్లో సైలెన్సర్ అయితే ఐడ్లింగ్‌లో బయటి గాలి చివరి నుంచి వెనక్కి పోతుంది, గొట్టం పైపైన పెడితే రీడింగు నమ్మలేం. నెంబర్ ప్లేటుతో ఫోటో తీసి అప్‌లోడ్ చేయక ముందే రీడింగు ఒకసారి చూపించమనండి, చాలామంది కాదనరు.

ఫెయిలైతే ఆ అంకెలు రాసుకోండి, అవే దారి చూపిస్తాయి. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు రెండూ ఎక్కువుంటే బండి రిచ్, లేదా కన్వర్టర్ చల్లగా ఉంది. కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం ఎక్కువుంటే మిస్సింగ్, అంటే ప్లగ్గు, కాయిల్, వాక్యూమ్ లీక్, లేదా మరీ లీన్. ఈ రెండోదాన్ని చూసి చాలామంది పెట్రోల్ తగ్గిస్తారు, అది బెడిసికొడుతుంది. ఆక్సిజన్ ఎక్కువ, కార్బన్ డయాక్సైడ్ తక్కువ, మిగతావి బాగానే ఉంటే సైలెన్సర్ లీకు. అంతా బాగున్న బండికి కార్బన్ డయాక్సైడ్ 14 శాతం దరిదాపుల్లో, ఆక్సిజన్ ఒక శాతం లోపు ఉంటుంది.

డీజిల్ రీమ్యాప్ బండ్ల (ఈసీయూలో లెక్కలు మార్చినవి) గురించి రెండు ముక్కలు. అక్కడ గ్యాస్ కాదు, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తారు. పొగ వెలుతురుని ఎంత ఆపుతుందో మీటరుకి లెక్కేస్తారు, బీఎస్ 4కి పరిమితి 1.62, పాతవాటికి 2.45. రీమ్యాప్‌లో పొగ పరిమితి టేబుల్‌ని తీసేసి డీజిల్ పెంచితేనే ఆ నల్లపొగ. దాన్ని కంపెనీ అంకెలకి తిరిగి తెప్పించండి, టర్బో గాలి రాకముందు డీజిల్ పోయకూడదు. టెస్టుకి ముందు ఇంజన్ ఆయిల్ కనీసం 60 డిగ్రీలుండాలి, టైమింగ్ బెల్టు పాతదైతే ముందు మార్చుకుని వెళ్లండి, తెగితే ఇంజన్ పోతుంది.

పాసయ్యాక ఆ రోజు ట్యూన్ ఫైల్‌ని తేదీతో వేరే పేరు పెట్టి దాచుకోండి, రీడింగు స్లిప్ ఫోటో కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఆరు నెలల తర్వాత అదే ఫైల్‌తో వెళ్లినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పెరిగి కనపడితే టేబుల్ ముట్టుకోకండి. ముందు సైలెన్సర్ కింద పడుకుని లీకు చూడండి, తర్వాత ఆక్సిజన్ సెన్సార్ కనెక్టర్ విప్పి చిలుము చూడండి, ఆ తర్వాతే సెన్సార్ మార్చండి.